మీకు తెలుసా? కొండెక్కే సంచిలో ఏముండాలి, ఎందుకుండాలి?

వానలు వెనకబట్టి చలి మొదలైతే చాలు, మన కుర్రకారు నోట కొండల మాటే. వంజంగి, లంబసింగి, నల్లమల, తలకోన. వారం సెలవు దొరికితే హిమాలయాల్లోని కేదార్‌కంఠ, సార్ పాస్. ఆ వెంటే ఆన్‌లైన్ కొనుగోళ్లు మొదలవుతాయి. సంచి నిండిపోతుంది గానీ, అందులో అక్కరకొచ్చేవి ఎన్ని, ఊరికే మోసేవి ఎన్ని అని ఆగి చూసుకునేవాళ్లు తక్కువ. తడి, చలి, చీకటి, దాహం, దారి తప్పడం, కాలికి దెబ్బ. కొండ మీద మనిషిని ఇబ్బంది పెట్టేవి ఎక్కువగా ఈ ఆరే. వీటిలో ఒక్కదానికైనా జవాబు చెప్పే వస్తువు సంచిలోకి రావాలి, చెప్పలేనిది ఇంట్లో ఉండాలి. సామాను ఎంచుకోవడానికి నాకు తెలిసిన కొలబద్ద ఇదొక్కటే. ఆ వస్తువుల వెనక చాలామందికి తెలియని సంగతులు ఎన్నో ఉన్నాయి.

5,300 ఏళ్ల నాటి ట్రెక్కింగ్ సంచి

1991 సెప్టెంబరులో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దు కొండల్లో నడుస్తున్న ఓ జర్మన్ జంటకు మంచులో సగం కూరుకుపోయిన శవం కనిపించింది. అక్కడి ఎత్తు 3,210 మీటర్లు. ఈ మధ్య చనిపోయిన పర్వతారోహకుడే అనుకున్నారు. తీరా పరీక్షిస్తే ఆ మనిషి బతికింది 5,300 ఏళ్ల కిందట. ఓట్‌జీ అని పేరు పెట్టారు.

అతని వెంట ఉన్న సామాను చూడండి. మేకతోలు కాలితొడుగులు, ఎలుగుబంటి తోలు టోపీ, చెకుముకి రాతి బాకు, యూ చెట్టు కర్ర పిడి వేసిన రాగి గొడ్డలి, బాకు పదును పెట్టుకునే చిన్న పనిముట్టు. బూట్ల అడుగు ఎలుగుబంటి తోలు, పైన జింక తోలు, లోపల చెట్టునార వల. ఆ వలలో ఎండుగడ్డి కూరి ఉంది, పాదానికి వెచ్చదనం అదే. భూర్జపత్రపు బెరడుతో కుట్టిన రెండు డబ్బాలున్నాయి. ఒకదాంట్లో మేపుల్ ఆకులూ, వాటితోపాటు బొగ్గు ముక్కలూ దొరికాయి. నిప్పుకణికల్ని పచ్చి ఆకుల్లో చుట్టి, ఆరిపోకుండా చోటునుంచి చోటికి మోసుకెళ్లేవాడన్నమాట. అది చాలదన్నట్టు నిప్పు రాజేసే ఎండు పుట్టగొడుగు కూడా విడిగా ఉంచుకున్నాడు. ఇంకో రకం పుట్టగొడుగు ముక్కలు తోలు తాడుకు గుచ్చి ఉన్నాయి, అవి మందు కోసమని పరిశోధకుల అభిప్రాయం. బట్ట, బూటు, కత్తి, నిప్పు, మందు, మరమ్మతు సామాను అన్నీ ఉన్నాయి. అతని ప్రాణం తీసింది చలి కాదు, వెనకనుంచి ఎడమ భుజంలో దిగిన బాణం.

పది వస్తువుల జాబితా ఎవరిది?

ప్రపంచమంతా ట్రెక్కర్లు అప్పజెప్పే 'పది అత్యవసరాలు' అమెరికాలోని సియాటిల్ నగరంలో పుట్టాయి. 1906లో ఏర్పడిన 'ది మౌంటెనీర్స్' అనే క్లబ్బు 1930ల్లో కొత్తవాళ్లకు కొండలెక్కడం నేర్పుతూ ఈ జాబితా తయారుచేసుకుంది. మ్యాపు, దిక్సూచి, నల్లకళ్లద్దాలూ సన్‌స్క్రీనూ, అదనపు బట్టలు, టార్చి, మందులపెట్టె, నిప్పు రాజేసేది, అగ్గిపెట్టె, కత్తి, అదనపు తిండి. లెక్క పదే.

2003లో ఆ క్లబ్బు తన పాఠ్యపుస్తకంలో జాబితాను తిరగరాసింది. వస్తువుల పేర్లకు బదులు పనుల పేర్లు పెట్టింది: దారి తెలుసుకోవడం, ఎండనుంచి రక్షణ, ఒంటి వేడి నిలుపుకోవడం, వెలుతురు, ప్రథమ చికిత్స, నిప్పు, మరమ్మతు, ఆహారం, నీళ్లు, రాత్రి తలదాచుకోవడం. ఈ మార్పు నాకు ఎంతో నచ్చింది. వస్తువు పేరు చెబితే కొనేసి ఊరుకుంటాం. పని పేరు చెబితే, ఆ పని మన కొండ మీద ఏ వస్తువు చేస్తుందో ఆలోచిస్తాం.

బూటు అడుగున ఆరు ప్రాణాలు

ట్రెక్కింగ్ బూటును తిరగేస్తే చాలావాటి అడుగున పసుపుపచ్చ ఎనిమిది కోణాల ముద్ర, దాని మీద విబ్రమ్ అనే పేరు కనిపిస్తాయి. విటాలే బ్రమాని అనే ఇటలీ పర్వతారోహకుడి పేరులోంచి వచ్చింది అది. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లోని పుంటా రాసికా దగ్గర మంచు తుఫానులో అతని బృందంలో ఆరుగురు చనిపోయారు. ఆ రోజుల్లో కొండదారికి మేకులు కొట్టిన బరువైన బూట్లు, రాయెక్కడానికి పల్చటి మెత్తటి బూట్లు వాడేవాళ్లు. రాతికీ మంచుకీ రెండింటికీ పనికొచ్చే అడుగు లేదు. బ్రమాని ఆ పని మీదే కూర్చున్నాడు. టైర్ల కంపెనీ పిరెల్లి డబ్బు సాయంతో, లోతుగా గాడులు తీసిన రబ్బరు అడుగు తయారుచేసి 1937లో పేటెంటు తీసుకున్నాడు. 1954లో కె2 శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన ఇటలీ బృందం వేసుకున్నది ఈ అడుగున్న బూట్లే.

సంచిలోకెల్లా ముఖ్యమైనది సంచిలో ఉండదు, కాలికి ఉంటుంది. డబ్బు పరిమితంగా ఉంటే ముందు బూట్ల మీద పెట్టండి. అలాగని బరువైనవి కొంటే మంచివని కాదు. కాలికి కట్టిన ఒక కిలో బరువు, వీపున మోసే 4.7 నుంచి 6.4 కిలోలంత శక్తిని ఖర్చు చేయిస్తుందని అమెరికా సైనిక పరిశోధకులు 1980ల్లో కొలిచి చెప్పారు. తూర్పు కనుమలకీ నల్లమలకీ మంచి గాడులున్న తేలికపాటి బూట్లు చాలు. చీలమండ దాటే దిట్టమైన బూట్లు మంచులో నడిచేవాళ్లకి కావాలి.

బూట్ల దుకాణానికి సాయంత్రం వెళ్లండి. పొద్దంతా నడిచి నిలబడి ఉంటాం గనక అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, కొండ మీదా అలాగే ఉబ్బుతుంది. ట్రెక్‌లో వేసుకోబోయే మందపాటి సాక్సులు వెంట తీసుకెళ్లి, వాటితోనే తొడిగి చూడండి. లేసులు వదులుగా ఉంచి, పాదాన్ని ముందుకు జరిపి వేళ్లు బూటు కొనకు తాకించండి. అప్పుడు మడమ వెనక ఒక వేలు దూరేంత చోటు ఉండాలి. తర్వాత మడమను వెనక్కి తన్ని, లేసులు బిగించి, మెట్లు దిగి చూడండి. దిగేటప్పుడు బొటనవేలు కొనకు కొట్టుకుంటే ఆ సైజు వద్దు. గోళ్లు నల్లబడేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. కొన్న జతను కనీసం రెండు మూడు వారాలు ఇంటి చుట్టుపక్కల వాడి, ఆ తర్వాతే కొండకు వేసుకెళ్లాలి.

ఎమ్మా గేట్‌వుడ్ భుజం మీది మూట

1955లో 67 ఏళ్ల ఎమ్మా గేట్‌వుడ్ అమెరికాలోని అపలేచియన్ కాలిబాట మొత్తం, అంటే సుమారు 3,300 కిలోమీటర్లు, ఒంటరిగా నడిచింది. ఒక్క విడతలో ఆ బాటను ఒంటరిగా పూర్తిచేసిన మొదటి మహిళ ఆమే. పదకొండుమంది పిల్లల తల్లి. కాలికి మామూలు కాన్వాస్ బూట్లు, భుజాన తన చేత్తో కుట్టుకున్న డెనిమ్ సంచి. అందులో ఒక దుప్పటి, వానకు కప్పుకోవడానికి స్నానాల గదిలో వేలాడదీసే ప్లాస్టిక్ తెర, కొంచెం తిండి. టెంటు లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు. తర్వాత ఇంకో రెండుసార్లు కూడా ఆ దారి పూర్తిచేసింది. ఏమీ లేకుండా వెళ్లొచ్చని దీనర్థం కాదు. జీవితమంతా పొలం పని చేసిన మనిషి ఆమె, తన సంచిలో ఉన్న ప్రతి వస్తువుతో ఏం చేయాలో ఆమెకు తెలుసు.

నూలు ఎక్కడ మంచిది, ఎక్కడ చేటు?

గాలితో పోలిస్తే నీరు ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. నూలు బట్ట చెమటనీ వాననీ పీల్చుకుని, గంటలకొద్దీ తడిగానే ఒంటికి అంటుకుని ఉంటుంది. అందుకే హిమాలయాల్లో జీన్స్ ప్యాంటు, కాటన్ టీషర్టు వద్దంటారు. గడ్డకట్టే చలి అక్కర్లేదు, పది డిగ్రీల దగ్గర కూడా తడిబట్టా గాలీ కలిస్తే ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోగలదు. వణుకు, మాట తడబడటం, వేళ్లు పట్టు తప్పడం దాని మొదటి గుర్తులు.

అదే నూలు చైత్ర మాసపు ఎండలో సలేశ్వరం జాతరకు నడిచేవాళ్లకి మేలు చేస్తుంది. చెమటను పట్టి ఉంచి, అది ఆరుతున్నంతసేపూ ఒళ్లు చల్లబరుస్తుంది. కాబట్టి నూలు చెడ్డదన్న మాటను గుడ్డిగా పట్టుకోవద్దు. వెళ్లే చోటు, వెళ్లే నెల చూసుకోండి.

ఉన్ని సంగతి వేరు. తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా తాకితే తడి తెలియదు, వెచ్చదనం చాలావరకు నిలుస్తుంది. మన గొర్రెలకాపరులకు ఇది ఎప్పుడో తెలుసు. దక్కనీ గొర్రెల ముతక ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి వానలో గొడుగు, రాత్రి పక్క, చలిలో కోటు. ఒక మూల మడిచి కొప్పెరగా నెత్తిన వేసుకుంటే వాన నీళ్లు వీపు మీదుగా జారిపోతాయి. ఒకే వస్తువు ఇన్ని పనులు చేయడమంటే ఇదీ. బరువు ఎక్కువ కాబట్టి హిమాలయాలకు మోయలేం గానీ, ఉన్ని గుణమేమిటో ఒక్క వానలో తెలుసుకోవాలంటే గొంగడిని మించింది లేదు.

ఉన్నికి బదులుగా వచ్చిన ఫ్లీస్ బట్ట అమెరికాలోని మాల్డెన్ మిల్స్‌లో 1979లో తయారైంది. పాలిస్టర్ కాబట్టి నీళ్లు పీల్చదు, పిండి దులిపితే ఆరిపోతుంది. 1993 నుంచి వాడేసిన ప్లాస్టిక్ సీసాలతో కూడా చేస్తున్నారు. నెగడికి దగ్గరగా కూర్చుంటే మాత్రం కరుగుతుంది, జాగ్రత్త.

ఒక లావుపాటి కోటు కంటే మూడు పల్చటి పొరలు మేలు. చెమట లాగేది లోపల, వెచ్చనిది మధ్యలో, గాలీ వానా ఆపేది పైన. ఎక్కేటప్పుడు ఒకటి తీసి, ఆగినప్పుడు వేసుకోవాలి. 1924లో ఎవరెస్టు మీద కనుమరుగైన జార్జ్ మలోరీ దేహం 1999లో దొరికినప్పుడు, ఒంటి మీద పట్టు, నూలు, ఉన్ని పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

చొక్కాలోంచి ఆవిరి పోతుంది, నీళ్లు రావు

1969లో బాబ్ గోర్ అనే అమెరికన్ టెఫ్లాన్ కడ్డీలను వేడిచేసి మెల్లగా సాగదీస్తుంటే అవి తెగిపోతూ వచ్చాయి. విసుగొచ్చి ఒక్కసారిగా గట్టిగా లాగాడు. తెగలేదు సరికదా, ఎన్నో రెట్లు సాగి లోపలంతా సన్నటి రంధ్రాలు ఏర్పడ్డాయి. గోర్‌టెక్స్ అలా పుట్టింది, 1976 నాటికి మార్కెట్లోకి వచ్చింది. ఆ రంధ్రం నీటి బొట్టుకంటే 20,000 రెట్లు చిన్నది, నీటి ఆవిరి అణువుకంటే 700 రెట్లు పెద్దది. అందుకే వాన లోపలికి రాదు, చెమట ఆవిరి బయటికి పోతుంది.

అమ్మేవాళ్లు చెప్పని ముక్క ఒకటుంది. లోపలి గాలిలో కంటే బయట తేమ తక్కువగా ఉంటేనే ఆవిరి బయటికి పోతుంది. శ్రావణ మాసంలో మారేడుమిల్లి అడవిలో గాలే నీళ్లతో నిండి ఉంటుంది. అక్కడ వేలు పోసి కొన్న జాకెట్‌లోనూ చెమటకు తడుస్తాం. ఆ కాలంలో మన కొండలకు వదులుగా ఉండే పాంచో, గాలి లేని దారిలో మామూలు గొడుగు ఎక్కువ సుఖం. ఖరీదైన జాకెట్టు చల్లటి పొడి గాలి వీచే కొండలకు దాచుకోండి.

● బూట్లకూ జాకెట్లకూ ఉండే వెల్క్రో పట్టీ ఓ కుక్క పుణ్యం. 1941లో స్విట్జర్లాండ్ ఇంజినీరు జార్జ్ డి మెస్ట్రాల్ కొండల్లో తిరిగి ఇంటికొచ్చేసరికి కుక్క బొచ్చు నిండా ముళ్ల కాయలు, మన ఉత్తరేణి గింజలు పంచెకు పట్టినట్టు పట్టుకున్నాయి. సూక్ష్మదర్శిని కింద పెడితే కొక్కేల్లాంటి కొనలు కనిపించాయి. పేటెంటు 1955లో వచ్చింది.

● ఈకల జాకెట్టును ఎవరెస్టుకు మొదట తొడుక్కెళ్లినవాడు జార్జ్ ఫించ్. 1922లో బెలూన్ గుడ్డలో బాతు ఈకలు కూరి కుట్టించుకున్నాడు. తోటివాళ్లు తమాషా చేశారు, చలి పెరిగాక అసూయపడ్డారు. ఈకల జాకెట్టుకు పెద్ద లోపం తడి. తడిస్తే ముద్దయిపోయి వెచ్చదనం పోతుంది. వాన పడే దారిలో సింథటిక్ దూది నింపినదే నయం.

● మెరిసే పల్చటి అత్యవసర దుప్పటి 1964లో నాసా పరిశోధనల్లోంచి వచ్చింది. ప్లాస్టిక్ పొర మీద సన్నటి లోహపు పూత వేసినది. ఒంటినుంచి వెలువడే వేడిలో తొంభై శాతం పైగా తిరిగి ఒంటికే కొడుతుంది. మడిస్తే జేబులో పడుతుంది, పెద్ద ఖరీదు కాదు. ఒక రోజు నడకకు కూడా పెట్టుకోవాల్సిన వస్తువు.

బరువు భుజాలది కాదు, నడుముది

ఒక రోజు నడకకైతే సంచి బరువు మన బరువులో పదో వంతు, రాత్రిళ్లు బస చేసే నడకకైతే ఐదో వంతు మించకుండా చూసుకోవాలన్నది అనుభవజ్ఞుల లెక్క. నేపాల్ పోర్టర్ల మీద బెల్జియం శాస్త్రవేత్తలు జరిపిన పరిశోధన 2005లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఎవరెస్టు దారిలో నామ్చే సంతకు సరుకు మోసే పురుషులు సగటున తమ బరువులో 93 శాతం, స్త్రీలు 66 శాతం మోస్తున్నారు. సంచి పట్టీని నుదుటికి వేసుకుని, నెమ్మదిగా, అడుగడుగునా ఆగుతూ నడుస్తారు. అది చిన్నప్పటినుంచి అలవాటైన ఒళ్లు చేసే పని. మనం ఆ పోటీకి పోకూడదు. వాళ్ల వీపున మన అనవసరపు సామాను ఎక్కించకుండా ఉంటే అదే మర్యాద.

సంచి బరువును నడుముకు దించే బెల్టును జనంలోకి తెచ్చింది కాలిఫోర్నియా వడ్రంగి డిక్ కెల్టీ, 1950ల్లో. చాలామంది ఆ బెల్టును ఊరికే వేలాడదీసి నడుస్తారు. ఈ వరసలో కట్టి చూడండి. ముందు అన్ని పట్టీలూ వదులు చేయండి. సంచి వేసుకుని కాస్త ముందుకు వంగి, బెల్టు తుంటి ఎముక మీద కూర్చునేలా బిగించండి. అది పొట్ట మీద ఉంటే కిందికి దించాలి. తర్వాతే భుజాల పట్టీలు, వీపుకు అంటుకునేంత మేరకు. చివర్లో భుజాల పైనున్న చిన్న పట్టీలు, ఛాతీ పట్టీ. సరిగ్గా కుదిరితే భుజానికీ పట్టీకీ మధ్య వేళ్లు తేలిగ్గా దూరతాయి. బరువైనవి వీపుకు దగ్గరగా మధ్యలో, స్లీపింగ్ బ్యాగు అడుగున, వాన జాకెట్టు అన్నిటికంటే పైన. సంచి మీద కప్పే కవరు గాలికి లేస్తుంది, వీపు వైపునుంచి నీళ్లు దిగుతాయి. లోపల ఒక పెద్ద మందపాటి పాలిథిన్ సంచి వేసి, బట్టలన్నీ అందులో పెట్టి మూతి మెలిపెడితే చుక్క దిగదు.

దిగే దారిలో మోకాళ్ల సంగతి కూడా చూడాలి. రెండు కర్రలు వాడితే నిటారు దిగుడులో మోకాలి మీద భారం 12 నుంచి 25 శాతం దాకా తగ్గుతుందని కొలిచి చూశారు. అల్యూమినియం కర్రలే కావాలని లేదు, చేతికి కుదిరిన వెదురు కర్రలు చాలు.

నీళ్లు మరిగితే చాలదు, ఎక్కడ మరిగాయో చూడాలి

ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ నీళ్లు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. కేదార్‌కంఠ శిఖరం 3,800 మీటర్లు. అక్కడ నీళ్లు 87, 88 డిగ్రీలకే తెర్లిపోతాయి. అన్నం ఉడకదు, హిమాలయ శిబిరాల్లో ప్రెషర్ కుక్కర్ మోసుకెళ్లేది అందుకే. తాగే నీళ్లయితే మామూలు చోట ఒక నిమిషం, 2,000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు తెర్లనివ్వాలి.

వడపోత గొట్టాల రంధ్రాలు 0.1, 0.2 మైక్రాన్లు ఉంటాయి. బ్యాక్టీరియా దాటలేదు, వైరస్ దాటుతుంది. క్లోరిన్ బిళ్ల వైరస్‌ను చంపుతుంది, మట్టి నీళ్లలో సరిగ్గా పనిచేయదు. కాబట్టి ముందు గుడ్డతో వడగట్టి, తర్వాత ఫిల్టర్ చేసి, అనుమానం ఉంటే బిళ్ల వేసి అరగంట ఆగండి. నీళ్లు మోసే పాత్ర సంగతికొస్తే, మన్యంలో గిరిజనులు నీళ్లో అంబలో పోసుకుని పనికి వెళ్లే ఎండు సొరకాయ బుర్రకు బరువే ఉండదు, లోపలి నీళ్లు చల్లగా ఉంటాయి.

ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగైనా పెట్టుకోండి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల శిబిరంలో కలరా విజృంభించినప్పుడు, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఈ నీళ్లు తాగించి వేలమందిని కాపాడారు. పేగు గోడలో చక్కెర, ఉప్పు జంటగా లోపలికి వెళ్తాయి, నీళ్లు వాటి వెంట పోతాయి. పొట్లం లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఎండలో గంటలకొద్దీ నడుస్తూ వట్టి నీళ్లే అదేపనిగా తాగినా ముప్పే, రక్తంలో సోడియం పడిపోతుంది. తిండికి పల్లీ చిక్కీని మించింది నాకు కనబడలేదు. వంద గ్రాముల పల్లీల్లో 560కి పైగా కేలరీలున్నాయి. పొయ్యి అక్కర్లేదు, చేతికీ జేబుకీ అంటదు.

● పొయ్యి సంగతి. మన ఇళ్లలో గుయ్యిమని మోగిన పంపు స్టవ్వు జాతికి మూలం స్వీడన్‌లో 1892లో ఫ్రాన్స్ లిండ్‌క్విస్ట్ తయారుచేసిన ప్రైమస్. 1953 మే 29 తెల్లవారుజామున ఎవరెస్టు చివరి శిబిరంలో హిల్లరీ బూట్లు రాయిలా గడ్డకట్టి ఉంటే, స్టవ్వు మంట మీద కరిగించుకోవడానికి రెండు గంటలు పట్టింది. చలిలో బూట్లను స్లీపింగ్ బ్యాగులోకి తీసుకోమనేది ఇందుకే. చిన్న గ్యాసు డబ్బా కొనేటప్పుడు లోపలేముందో చదవండి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, మంట రాదు. ప్రొపేన్, ఐసోబ్యూటేన్ కలిసినది మంచు కొండలకు కావాలి. మన పులుల అభయారణ్యాల్లోకి మాత్రం ఏ పొయ్యీ తీసుకెళ్లొద్దు, వేసవిలో ఒక్క నిప్పురవ్వ చాలు.

చీకటి పడ్డాక

స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక లెక్క చెప్పాడు: ఐదు కిలోమీటర్లకు గంట, పైగా 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. పది కిలోమీటర్ల దూరం, 900 మీటర్ల ఎత్తు అయితే మూడున్నర గంటలు. ఇందులో కూర్చోవడం, తినడం, ఫొటోలు లేవు. బృందంలో అందరికంటే నెమ్మదైనవారికి దీన్ని రెట్టింపు చేసుకోండి. అలా లెక్కేస్తే 'పగలే వచ్చేస్తాం కదా, టార్చి ఎందుకు' అన్న మాట ఎవరూ అనరు. తలకు కట్టుకునే దీపమైతే చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. దానికి ఎర్ర లైటు ఉంటే ఇంకా మంచిది. కన్ను చీకటికి అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, తెల్లటి వెలుగు పడితే ఆ అలవాటంతా చెదిరిపోతుంది, ఎర్ర వెలుగులో అంతగా చెదరదు.

కొండలో ఆపద సంకేతం నిమిషానికి ఆరు విజిళ్లు, ఒక నిమిషం విరామం, మళ్లీ ఆరు. జవాబు నిమిషానికి మూడు. 1894నుంచి ఆల్ప్స్‌లో ఇదే పద్ధతి. అమెరికాలో మూడు విజిళ్లే ఆపద గుర్తు. అరిచే గొంతు కాసేపటికే బొంగురుపోతుంది, విజిల్ ఊపిరి ఉన్నంతసేపూ మోగుతుంది.

ఫోనులోని జీపీఎస్‌కు సిగ్నల్ అక్కర్లేదు, అది ఉపగ్రహాల మాట వింటుందే తప్ప వాటితో మాట్లాడదు. మ్యాపు ముందే దించుకుని ఉంచుకుంటే ఫ్లైట్ మోడ్‌లోనూ మీరెక్కడున్నారో చూపిస్తుంది. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది, రాత్రి ఫోనునూ పవర్ బ్యాంకునూ స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి. కాగితం మీద గీసుకున్న దారి కూడా ఉండాలి.

అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న మన పిల్లలకు ఒక ముఖ్యమైన మాట. అక్కడ ట్రెక్కర్లు వాడే ఉపగ్రహ ఫోన్లు, ఉపగ్రహ సందేశ పరికరాలు ముందస్తు అనుమతి లేకుండా భారత్‌కు తేవడం నేరం. విమానాశ్రయాల్లో విదేశీ ట్రెక్కర్లను అరెస్టు చేసిన సందర్భాలున్నాయి. సెలవులకొచ్చి హిమాలయాలకు వెళ్దామనుకుంటే ఆ పరికరం అక్కడే వదిలి రండి.

పాములు, పురుగులు, తేనెటీగలు

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. జిప్పు పూర్తిగా మూసుకునే టెంటు, రాత్రి బయటికొస్తే టార్చి, పొద్దున్నే బూట్లు దులిపి వేసుకోవడం అందుకు మందు. పాము విషానికి విరుగుడు సంచిలో మోసేది కాదు, ఇస్తే కొందరికి తీవ్రమైన అలర్జీ వస్తుంది గనక ఆసుపత్రిలోనే ఇవ్వాలి. గాటు పెట్టొద్దు, తాడు బిగించొద్దు, నోటితో పీల్చొద్దు. కరిచిన కాలిని బద్ద కట్టి కదలకుండా చేసి, మనిషిని మోసుకుని ఆసుపత్రికి చేర్చండి.

పొదల్లో ఉండే మైట్ అనే చిన్న పురుగుల పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ రావచ్చు. ప్యాంటు సాక్సులోకి దోపుకోవడం, గడ్డి మీద నేరుగా కూర్చోకపోవడం చాలా కాపాడుతుంది. ట్రెక్ నుంచి వచ్చిన రెండు వారాల్లోపు జ్వరం వస్తే అడవికి వెళ్లామని డాక్టరుకు చెప్పండి. దీనికి ఇచ్చే డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాలలో తయారైంది.

కొండచరియల కింద పెద్ద తేనెపట్లు కనిపిస్తే అక్కడ సెంటు, పొగ, కేకలు వద్దు. వాటిమీద ఏ సామానూ పనిచేయదు, దూరంగా తప్పుకోవడమే.

● ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే అతినీలలోహిత కిరణాల తీవ్రత పది శాతం దాకా పెరుగుతుంది. కొత్త మంచు ఆ కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి మొహం మీదికి కొడుతుంది. అందుకే గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచున కూడా సన్‌స్క్రీన్ రాయాలి. పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు లేకుండా మంచులో రోజంతా తిరిగితే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట, తాత్కాలికంగా చూపు పోవడం జరుగుతాయి.

● చిన్న తాపీ లాంటిది ఒకటి పెట్టుకోండి. మలవిసర్జనకు నీటికి 60 మీటర్ల దూరాన, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గొయ్యి తీసి పూడ్చాలి. తెచ్చిన ప్లాస్టిక్ అంతా తిరిగి తీసుకురావడానికి ఒక ఖాళీ సంచి కూడా.

కొనే ముందు, వెళ్లే ముందు

మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే, ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. ఆ పిల్లలు మొదట ఎక్కింది భువనగిరి బండ. తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడఖ్ చలి. మనదీ అదే వరస కావాలి. హిమాలయాలకు పోయేముందు నింపిన సంచితో, అవే బూట్లతో, దగ్గరున్న కొండ ఒకటి ఎక్కి దిగండి. తిరిగొచ్చాక సంచిని మంచం మీద బోర్లించి, వాడనివన్నీ ఒక పక్కకు తీయండి. విజిల్, మందులపెట్టె, అత్యవసర దుప్పటి, వాన జాకెట్టు వాడకపోయినా తిరిగి లోపల పెట్టండి. మిగతావి అల్మరాలో పెట్టేయండి. మంచు కోట్లు, స్లీపింగ్ బ్యాగులు, టెంట్లు మనాలి వంటి చోట్ల అద్దెకు దొరుకుతాయి, ఒక్క నడక కోసం కొనక్కర్లేదు. బూట్లు మాత్రం అద్దెవి వద్దు.

నల్లమలలో చాలా భాగం పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. బయల్దేరే రోజు ఒక కాగితం మీద ఎక్కడికి, ఏ దారిన, ఎవరెవరితో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో రాసి ఇంట్లో ఇవ్వండి. ఆ వేళ దాటి రెండు మూడు గంటలైనా మీ ఫోను రాకపోతే 112కు ఫోన్ చేసి, ఆ కాగితంలో ఉన్నది చదివి వినిపించమని చెప్పి వెళ్లండి.